పాత కారునకు క్రొత్త సీట్లు

బళేపేట వీథులు మోటారుకార్ల కొఱకు ఏర్పడినవి కావు. 1537 లో కెంపేగౌడ నెలకొల్పిన పేటలో ఇవియు భాగములే గనుక, ఒక బండి ఎదురైనచో రెండవ బండి ఒదిగి నిలువవలసినంత ఇరుకుగా నున్నవి. అయినను ఈ వీథులలోనే, వాద్యముల అంగళ్ళ వెనుకనో, పాత మిద్దెల క్రిందనో, టార్పాలిన్ కప్పుకొని నిలిచిన అంబాసిడర్ కారో ఫియట్ కారో నేటికిని కంటబడుచుండును. అవి తాతలు కొనినవి, తండ్రులు నడిపినవి, మనుమలు అమ్ముటకు మనసొప్పక ఉంచుకొనినవి. అట్టి ఇండ్ల పిల్లలు మన పాఠశాలలోను గలరు. వారిలో ఇరువురు ముగ్గురు, "అయ్యవారూ, మా కార్లో సీట్లు పాడైపోయినాయి, కొత్త కారు సీట్లు తెచ్చి వేయించుకోవచ్చునా?" అని నన్నడిగియున్నారు. ప్రశ్న చిన్నదే. దాని సమాధానము మాత్రము గణితమును, భౌతికశాస్త్రమును, ఇనుపపనిని, చట్టమును తాకుచు పోవును. తెలుగు పండితునకు ఈ వ్యవహారమేల యని ఎవరైన నవ్వుదురేమో! తెలిసిన విషయమును తెలుగులో చెప్పుట తెలుగు పండితుని పనియే గదా.

మొదట కార్లను గుఱించి రెండు మాటలు. అంబాసిడర్ కారు ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారునకు భారతీయ రూపము. హిందుస్థాన్ మోటార్స్ వారు దీనిని పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపారాలో 1950 దశకపు చివరి సంవత్సరములు మొదలుకొని 2014 మే నెల వఱకు తయారుచేసిరి. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 నుండి తయారుచేసిన ఫియట్ 1100 కారునకు 1974 లో 'ప్రీమియర్ పద్మిని' యను పేరు వచ్చెను. ఆ పద్మిని రాజస్థానమునందలి చిత్తోడు రాణి; మన చిత్తూరునకు ఆమెతో సంబంధము లేదు. మద్రాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మూడవది. ఈ మూడింటిలో ఏదియు నేడు తయారగుట లేదు. కావున పాడైన సీటునకు బదులుగ అదే సీటును కర్మాగారమునుండి తెప్పించుకొను మార్గము లేదు.

పాత సీటును విప్పి చూచినవారికి దాని నిర్మాణము వింతగా తోచును. అడుగున ఉక్కు చట్రము, దానిపై స్ప్రింగులు, స్ప్రింగుల మీద గోనెగుడ్డ, ఆపైన కొబ్బరిపీచు లేదా ప్రత్తి, అన్నింటిపైన రెక్సిన్. ఈ రెక్సిన్ అను మాట మొదట ఆంగ్లదేశమున ఒక కంపెనీవారి సరకునకు పెట్టిన పేరు. తోలువలె కనబడు పూతగుడ్డ కంతటికిని మనదేశమున అదే పేరు నిలిచినది. ముప్పది నలువది ఏండ్లు గడచునప్పటికి స్ప్రింగులు క్రుంగును, పీచు పొడియగును, రెక్సిన్ పగులును. అప్పుడు కూర్చున్నవారు సీటులోనికి దిగబడి, ముందద్దము క్రింది అంచు మీదుగా తొంగిచూచుచు కారు నడుపవలసివచ్చును. నడుము నొప్పి యొక బాధ. దారి సరిగా కనబడకపోవుట అంతకంటె పెద్ద బాధ.

ఇట్టి స్థితిలో రెండు మార్గములు గలవు. ఒకటి, పాత చట్రమునే ఉంచి, విఱిగిన స్ప్రింగులను మార్చి, పీచునకు బదులు మంచి ఫోము వేయించి, క్రొత్త రెక్సిన్ కుట్టించుట. రెండవది, వేఱొక కారు సీట్లను తెచ్చి బిగించుట. నా అభిప్రాయమడిగినచో, వారమునకొకసారి దేవాలయమునకో పెండ్లికో పోవు కారునకు మొదటి మార్గమే చాలును. టౌన్ హాలు మొదలు మినర్వా సర్కిలు వఱకు గల జె.సి. రోడ్డులో ఈ కుషను పని చేయు అంగళ్ళు వరుసగానున్నవి. ఆ పనివారు పాత కుట్టును విప్పి, ఆ ముక్కలనే అచ్చుగా పెట్టుకొని క్రొత్త గుడ్డను కత్తిరింతురు. ఎట్టి ఫోము వేయుచున్నారో మాత్రము విచారించవలెను. గట్టిదనము చాలని ఫోము ఆఱు నెలలలో అప్పడమగును.

కాని కొందఱు రెండవ మార్గమునే కోరుదురు. దానికి మంచి కారణములే యున్నవి. పాత అంబాసిడర్, ఫియట్ కార్లలో ముందు సీటు ఈ ద్వారమునుండి ఆ ద్వారము వఱకు ఒకే బెంచి. గేరు కఱ్ఱ స్టీరింగు గొట్టమునకే యుండుటచే నడుమ ఖాళీ కలిగి, ముందు ముగ్గురు కూర్చుండుట సాధ్యమయ్యెను. ఆ బెంచి వీపు పొట్టిది, భుజములవఱకైనను రాదు. వెనుకనుండి మఱొక వాహనము ఢీకొనినచో, మొండెము ముందునకు నెట్టబడి, తల మాత్రము వెనుకకు వ్రేలాడును, మెడ నలుగును. తలకు ఆనుడు గల సీట్లు అమెరికా దేశమున 1969 నుండి తప్పనిసరియైనవి. నేటి కార్లలోని విడివిడి సీట్లకు, అనగా బకెట్ సీట్లకు, ఆ ఆనుడు కలదు. వీపును వంచుటకు మీట కలదు. ప్రక్కలకు జాఱకుండ అంచులు కలవు. వీనిని కోరుటలో తప్పేమున్నది?

సీట్లు దొరకుటయు కష్టము కాదు. ప్రమాదములో ముందుభాగము నలిగిన కారునుండి చెక్కుచెదరని సీట్లు బయటికి వచ్చుచుండును. శివాజీనగరు పాత సామాను అంగళ్ళలో మారుతి 800 మొదలు శాంట్రో వఱకు అన్ని రకముల సీట్లును గుట్టలుగా కనబడును. ఇచ్చటి మన ఇండ్లలో దీనిని 'గుజరి' యందురు. నేను చదువుకొనిన ఆంధ్రప్రాంతమున ఈ మాట చెప్పినచో ఎవరికిని బోధపడదు. 'పాత ఇనుప సామాను కొట్టు' అనవలెను. మాట ఏదైనను, అచ్చట సీటు కొనునప్పుడు గుడ్డను చూచి మోసపోరాదు. సీటును తలక్రిందులుగా త్రిప్పి, పట్టాలు వంగినవేమో, చట్రమునకు పగులున్నదేమో, నీట మునిగిన తుప్పు ఉన్నదేమో చూడవలెను. గుడ్డను ఎవరైనను మార్చగలరు; వంగిన చట్రమును చక్కచేసినను దాని పూర్వబలము రాదు. రెండు సీట్లతోపాటు వాని నాలుగు పట్టాలను, బోల్టులను, బెల్టు బిగించు బక్కిల్‌లను కూడ అడిగి తీసికొనవలెను.

కొనుటకు ముందే జరుగవలసినది కొలత. ఇచ్చటనే పెక్కుమంది తొందరపడుదురు.

కారు నేల చదునైన పలక కాదు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ కార్లలో ఇంజను ముందున్నది, త్రిప్పబడు చక్రములు వెనుకనున్నవి. ఇంజను శక్తిని వెనుకకు చేర్చు పొడుగాటి ఇరుసు కారు నడుమ నేల క్రిందనుండి పోవును. దానికి చోటిచ్చుటకు నేల నడుమ సొరంగమువలె ఉబ్బియుండును. మారుతి, శాంట్రో వంటి కార్లలో ముందు చక్రములే త్రిప్పబడును గనుక అట్టి ఇరుసు లేదు. వాని నేల రూపము వేఱు. ప్రతి కర్మాగారమువారును తమ నేల ఎత్తుపల్లములకు తగినట్లు సీటు కాళ్ళను పొట్టిగనో పొడుగుగనో చేయుదురు. సీటునకు నాలుగు కాళ్ళు; నాలుగును నాలుగు ఎత్తులలో ఉండవచ్చును. కావున ఒక కారు సీటును మఱొక కారులో పెట్టినంతనే అది కుంటి పీటవలె ఊగును. ఒక కాలు గాలిలోను, ఒక కాలు సొరంగపు వాలు మీదను నిలుచును.

కొలువవలసినవి ఇవి. రెండు పట్టాల నడిమి దూరము, ఒక్కొక్క పట్టా ముందు రంధ్రమునకును వెనుక రంధ్రమునకును గల దూరము, నాలుగు కాళ్ళ ఎత్తులు. సీటు అడుగుభాగపు వెడల్పు, సొరంగమునకును ద్వారపు గడపకును నడిమి వెడల్పునకు మించరాదు. పిమ్మట ఎత్తు. పాత సీటు క్రుంగక ముందు నేలనుండి ఎంత ఎత్తుండెనో వెనుక సీటునకు సరిపోల్చి అంచనా వేయవచ్చును. క్రొత్త సీటు అంతకంటె ఎత్తైనచో తల కప్పునకు తగులును, తొడలు స్టీరింగు చక్రమున చిక్కుకొనును. తక్కువైనచో మరల తొంగిచూపే. చేతి బ్రేకు ఎచ్చటనున్నదో చూడుడు; కొన్ని పాత కార్లలో అది డాషుబోర్డు క్రిందను, కొన్నింటిలో సీటు ప్రక్కనే నేల మీదను ఉండును. ప్రక్కనున్నచో వెడల్పైన క్రొత్త సీటు దానిని నొక్కివేయును. హెరాల్డ్ కారువారికి మఱొక చిక్కు. దాని తొలి రకములకు రెండే ద్వారములు. ముందు సీటు మడిగిననేగాని వెనుకకు ఎక్కరాదు. నాలుగు ద్వారముల కారు సీటు అట్లు మడుగదు. తెచ్చి బిగించినచో వెనుక కూర్చుండు పిల్లలను కిటికీలోనుండి ఎక్కింపవలసినదే!

కొలతలను కాగితము మీద వ్రాసికొనుట మంచిదే గాని, అట్టతో అచ్చు తీయుట ఇంకను మంచిది. మన పేటలో అట్టలకు కొదువ లేదు. చిక్కపేటలో చీరల పెట్టెలు రోజును పాఱవేయుచునే యుందురు. క్రొత్త సీటును బోర్లించి, నాలుగు రంధ్రముల స్థానములను అట్ట మీద గుర్తించి, ఆ అట్టను కారు నేలపై పఱచి చూచినచో, ఏ కాలు ఎచ్చట పడునో కన్నులకు కట్టినట్లుండును. జ్యామితిలో సర్వసమానత్వము, చతుర్భుజముల కర్ణములు మనము చదువుచున్నాము. నాలుగు భుజములు సరిపోయినను కర్ణములు సరిపోనిచో చతుర్భుజము వాలిపోవునని గదా పాఠము. పట్టాల విషయమునను అంతే. రెండు కర్ణములను కొలిచి సమానముగ నుంచనిచో పట్టాలు ఒకదానికొకటి సరిగా ఎదురెదురుగా నుండవు. సీటు ముందునకు వెనుకకు జరుగక బిగుసుకొనిపోవును.

ఇంతవఱకు చెప్పినది సౌఖ్యమునకు సంబంధించినది. ప్రాణమునకు సంబంధించినది సీటు క్రిందనున్నది.

గంటకు 50 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు సుమారు 14 మీటర్ల వేగమున, పోవుచున్న కారు దేనినైన ఢీకొని సెకనులో పదవవంతు కాలములో ఆగినదనుకొందము. ఆ వేగనిరోధము భూమ్యాకర్షణకు సుమారు 14 రెట్లు. అప్పుడు 15 కిలోల సీటు 210 కిలోల బరువుతో ముందునకు లాగును. 60 కిలోల మనిషి 840 కిలోల బరువుతో లాగును. తల్లి ఒడిలోనున్న 10 కిలోల శిశువు 140 కిలోల మూటయగును. ఏ తల్లి చేతులును ఆ మూటను పట్టజాలవు. ముందు బెంచి మీద తల్లి ఒడిలో పిల్లను కూర్చుండబెట్టుకొని పోవుట మన ఇండ్లలో పాత అలవాటు గనుక ఈ లెక్కను తల్లిదండ్రులు ప్రత్యేకముగ చూడవలెనని కోరుచున్నాను.

పాత కార్లలో బెల్టులు లేవు. వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ అను ఇంజనీరు నేటి మూడు కొనల బెల్టును 1959 లో రూపొందించెను. మనదేశమున క్రొత్త కార్ల ముందు సీట్లకు బెల్టులుండవలెనను నియమము 1994 నాటినుండి అమలగుచున్నది. పాత బెంచిని నేలకు బిగించినవారు ఆ బెంచి బరువును, కూర్చున్నవారి బరువును మాత్రమే మనస్సులో నుంచుకొనిరి. నేటి కార్లలో పెక్కింటియందు బెల్టు బక్కిల్ సీటు చట్రమునకే తగిలింపబడియుండును. అనగా ప్రమాదకాలమున మనిషి బరువులో ఒక భాగము సీటును లాగును. సీటు బోల్టులను లాగును. బోల్టులు నేలను లాగును. క్రొత్త కారు నేల ఈ లాగుడునకు సిద్ధముగా చేయబడినది. పాత కారు నేల కాదు.

ఒక లెక్క వేసి చూతము. బెల్టు బలములో సగము, అనగా 420 కిలోలు, బక్కిల్ ద్వారా సీటును చేరునని ఊహింతము. సీటు సొంత బలము 210 కిలోలు కలిపినచో 630 కిలోలు. ఇది నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ముందునకు లాగుచున్నదనుకొనుడు. ఒక ముక్కాలిపీటను పైభాగమున పట్టుకొని ముందునకు లాగినచో దాని వెనుక కాలు పైకి లేచును గదా. సీటు వెనుక కాళ్ళును అట్లే లేవజూచును. ముందు, వెనుక బోల్టుల నడుమ దూరము 35 సెంటీమీటర్లైనచో, వెనుక బోల్టులను పైకి లాగు బలము 630ని 30 చేత హెచ్చించి 35 చేత భాగించగా 540 కిలోలు వచ్చును. బక్కిల్ కారు నడిమి వైపున ఉండుటచే ఇందులో ఎక్కువ భాగము ఆ వైపు వెనుక బోల్టు ఒక్కదాని మీదనే పడును.

ఆ బోల్టు తాళునా? తాళును. మంచి బోల్టు తల మీద 8.8 అని అంకె వేసియుండును. మొదటి 8, చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడునకుగాని అది తెగదని చెప్పును. చుక్క తరువాతి 8, అందులో పదింట ఎనిమిది వంతుల వఱకు సాగిపోక మరల యథాస్థితికి వచ్చునని చెప్పును. 8 మిల్లీమీటర్ల బోల్టు మరలలో లోహపు వైశాల్యము 36 చదరపు మిల్లీమీటర్లకు కొంచెము పైన. కావున అది తెగుటకు దాదాపు 3 టన్నుల బరువు కావలెను. కాని నేల రేకు మందమెంత? అది ఒక మిల్లీమీటరునకు అటునిటు. తుప్పు తినిన చోట అందులో సగమైనను ఉండదు. బోల్టు విఱుగదు, రేకు చినుగును. గొడుగు గుడ్డ మధ్యనుండి కఱ్ఱ ఊడివచ్చినట్లు బోల్టు తన వాషరుతో సహా పైకి వచ్చివేయును.

దీనికి విరుగుడు చౌకైనదే. నేల క్రిందివైపున, బోల్టు వచ్చుచోట, 3 మిల్లీమీటర్ల మందము గల ఉక్కు పలకను పెట్టి, నట్టును దాని మీద బిగించవలెను. సామాన్యమైన వాషరు చుట్టుకొలత సుమారు 50 మిల్లీమీటర్లు. భుజము 75 మిల్లీమీటర్లు గల చదరపు పలక చుట్టుకొలత 300 మిల్లీమీటర్లు. చినుగవలసిన రేకు పొడవు ఆఱు రెట్లైనదన్నమాట. పలక మూలలను గుండ్రముగ రుద్దవలెను. వాడి మూల రేకును కోయును. తుప్పు పట్టిన రేకును ముందు కోసి క్రొత్త రేకు వేయించవలెను. తుప్పు మీద పలక వేయుట పుచ్చిన దూలమునకు సున్నము కొట్టుటవంటిది. అమెరికా దేశమున 1968 నుండి అమలులోనున్న ప్రమాణము ప్రకారము సీటును పట్టియుంచు కట్టు ఆ సీటు బరువునకు 20 రెట్లు లాగినను ఊడరాదు. మనము తీసికొనిన 14 రెట్ల లెక్క అతిశయోక్తి కాదని దీనివలన తెలియును.

నేనెఱిగిన ఒక ఇంటివారికి 1980 ప్రాంతపు అంబాసిడర్ కారు కలదు. వస్త్రవ్యాపారము చేయు కుటుంబము. అవ్వగారికి నడుము నొప్పి గనుక బెంచి తీసివేసి రెండు బకెట్ సీట్లు వేయించిరి. ఆ పని చేసినవాడు నేలను గాని అడుగును గాని చూడక, సీటు పట్టాలకు ఇనుప కోణముల ముక్కలను అంటించి, ఆ ముక్కలను నేల రేకునకే వెల్డింగు చేసెను. చూచుటకు బాగుండెను. ఏడాది తిరుగకముందే తుమకూరు దారిలో ఒక ఆవు అడ్డము రాగా తండ్రిగారు గట్టిగ బ్రేకు నొక్కిరి. ఢీకొనుట లేదు, ఏమియు లేదు, కేవలము బ్రేకు. నడుపువాని సీటు వెనుక కాలొకటి రేకును చించుకొని లేచెను. ఆయన రొమ్ము స్టీరింగు చక్రమునకు కొట్టుకొనెను. వెనుక కూర్చున్న పిల్ల వాని మోకాళ్ళు ముందు సీటునకు తగిలి వాచినవి. దెబ్బలు అంతటితో పోయినవి. వెల్డింగు వేడిమికి సన్నని రేకు అంచులు పెళుసెక్కుననియు, పైపూత కాలిపోయిన చోటనే తుప్పు మొదలిడుననియు తరువాత జె.సి. రోడ్డులోని ఒక ముదుసలి మేస్త్రి వారికి బోధించెను.

ఆ మేస్త్రి చేసిన పనిని నేను పోయి చూచితిని. ఆయన సీట్లను గాని పట్టాలను గాని వెల్డింగు చేయలేదు. పాత బెంచి బోల్టులుండిన రంధ్రములు కర్మాగారమువారు బలము చేర్చి ఏర్పఱచినవి గనుక, వానినే ఆధారముగా తీసికొనెను. చదరపు ఇనుప గొట్టములతో ఒక మధ్యచట్రమును కట్టెను. దాని క్రింది రంధ్రములు అంబాసిడర్ నేలకును, పై రంధ్రములు క్రొత్త సీటునకును సరిపోవును. ఉన్న రంధ్రములు చాలని చోట మాత్రమే క్రొత్తవి వేసి, ప్రతిదాని క్రిందను పలక పెట్టెను. నట్టులు అదురునకు వదులు కాకుండ లోపల నైలాన్ వలయము గలవానిని వాడెను. మధ్యచట్రము ఎత్తునకు తగినట్లు సీటు పైకి లేచునని ముందే లెక్కించి, కాళ్ళు పొట్టిగానున్న సీట్లనే ఎన్నుకొనెను. నాకు మిక్కిలి నచ్చిన సంగతి యేమనగా, ఎనిమిది నట్టులు విప్పినచో పాత బెంచి మరల తన చోట కూర్చుండును. కారునకు ఏ లోపమును రాలేదు.

ముందు సీట్లకు బెల్టులు కూడ వేయించదలచినవారు ద్వారపు స్తంభమునకును గడపకును ఇదే విధముగా లోపల పలకలు వేయించవలెను. ఉత్త రేకునకు తగిలించిన బెల్టు అలంకారము మాత్రమే. 2019 నాటి చట్టసవరణ ప్రకారము 14 ఏండ్లలోపు పిల్లలు బెల్టుతోగాని తగిన శిశుపీఠముతోగాని కట్టబడియుండవలెను. లేనిచో నడుపువారికి 1,000 రూపాయల జరిమానా.

మిక్కిలి క్రొత్త కార్ల సీట్లను గుఱించి ఒక హెచ్చరిక. కొన్నింటి ప్రక్కభాగమున గాలిసంచి, అనగా ఎయిర్‌బ్యాగ్, దాచియుండును. సీటు క్రింద పసుపుపచ్చని తీగలు కనబడినచో వానిని కోయుటగాని బ్యాటరీకి తగిలించి చూచుటగాని చేయరాదు. ఆ సంచి కన్నుమూసి తెఱచునంతలో ప్రేలి విచ్చుకొనును. అట్టి సీటును కొనకుండుటయే మేలు.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ విభాగము, కర్మాగారమువారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగ సమర్థించెను. రిజిస్ట్రేషను పత్రమున ఎందఱు కూర్చుండవచ్చునో వ్రాసియుండును. బెంచి తీసి రెండు విడి సీట్లు వేసినచో ఆ సంఖ్య మారునేమో పత్రము తీసి చూడవలెను. మారునట్లున్నచో ప్రాంతీయ రవాణా కార్యాలయమున ముందుగనే అడుగవలెను. పదునైదేండ్లు దాటిన కారు పత్రమును ఐదేండ్లకొకసారి పునరుద్ధరించునప్పుడు తనిఖీ జరుగును గనుక ఈ ప్రశ్న ఎప్పటికైనను రాకపోదు.

ఏబదేండ్లు దాటిన కార్లకు మఱొక నియమము కలదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రాచీన వాహనముల కొఱకు ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పఱచినది. దానికి కారు తన మూలరూపముననే ఉండవలెను. చాసి, దేహము, ఇంజను అనువానిలో పెద్ద మార్పులు చేసియుండరాదు. అంబాసిడర్ కారునకు వేఱుగ చాసి లేదు. దాని దేహమే చాసి, నేల రేకు ఆ దేహములో భాగము. నేలను ఇష్టము వచ్చినట్లు కోసి వెల్డింగు చేసినవారు ఈ తలుపును తామే మూసికొనుచున్నారు. విప్పదగిన మధ్యచట్రము పెట్టినవారికి ఆ చిక్కు చాల తక్కువ.

మూలరూపమునకు ఇంత విలువ యేలయని విద్యార్థులు అడుగవచ్చును. హైదరాబాదునందలి చౌమహల్లా రాజభవనమున ఒక రోల్స్ రాయిస్ కారు కలదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొఱకు చేయింపబడిన 1911 నాటి కారది. ఆయన ఆ సంవత్సరమే కాలము చేసెను. దాని వెనుక భాగమున ఎత్తుగా సింహాసనమువంటి ఆసనము కలదు. ఆ కారునకు 'సింహాసనపు కారు' అను పేరు ఆ సీటువలననే వచ్చినది. అది మెత్తగా లేదని ఎవరైన తీసివైచి సోఫా వేసియుండినచో, చూచుటకు ఎవరు పోవుదురు? మన తాతల అంబాసిడర్ రాజుల కారు కాదు గాని, ముందు బెంచి మీద ముగ్గురు, వెనుక నలుగురు, ఒడిలో ఇద్దఱు కూర్చుండి తిరుపతికి పోయిన కాలము దాని సీటులోనే కనబడును. శ్రీరంగపట్టణము సమీపముననున్న 'పయణ' వాహన ప్రదర్శనశాలకు పోయినవారు కార్ల బయటి మెఱుగునే గాక కిటికీలోనుండి సీట్లను కూడ చూచి రావలెను.

కావున క్రొత్త సీట్లు వేయించువారు పాత బెంచిని గుజరికి వేయకుడు. విప్పిన దినముననే బోల్టులను, పట్టాలను ఒక డబ్బాలో వేసి, ఏది ఎచ్చటిదో చీటీ వ్రాసి కట్టుడు. చట్రమునకు తుప్పు రాని పూత పూయుడు. బెంచిని నేల మీద గాక ఇటుకల మీద ఎత్తుగా నిలిపి, పాత ప్రత్తి దుప్పటి కప్పుడు; ప్లాస్టికు చుట్టినచో తేమ లోపలనే నిలిచి స్ప్రింగులు తుప్పెక్కును. మిద్దె మీది గదియైనచో ఎలుకల సంగతి మఱువరాదు. లోపలనున్నది కొబ్బరిపీచు, గూడు కట్టుకొనుటకు వానికి అంతకంటె సుఖమైన చోటు బళేపేటలో దొరకదు.